రుద్రారం దాటినంక చూద్దాం

సోమవారం పొద్దున బస్సు రెండు నిమిషాలు ముందొచ్చింది. నాకు అక్కడే అనుమానం తగిలింది. పద్నాలుగేళ్లలో మా కంపెనీ డ్రైవరన్న నడిపిన బస్సు పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు ఎప్పుడన్నా ఆలస్యంగా వచ్చి ఉంటుంది గానీ, ముందు మాత్రం రాలేదు. ముందొచ్చి వెళ్లిపోతే వెనక ఉరికొచ్చేవాళ్ల గతేమిటని ఆయన పట్టింపు. తలుపు తెరుచుకుంది. స్టీరింగ్ వెనక వేరే మనిషి కూర్చుని ఉన్నాడు.

ఆయన రాలేదా అని అడిగాను. కొత్తాయన నా ముఖం చూడకుండా రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు.

"నిన్న పొద్దుగాల పాణం పోయింది మేడం. ఛాతీల నొస్తుందన్నడంట. దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయింది."

బస్సు కదిలింది. నేను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. కంది దాటాక వెనక సీట్లోంచి ఎవరో అన్నారు, సిగరెట్లు మానేసి ఏం ఫాయిదా అయ్యింది, మూడేళ్లకే పోయిండు, తాగేటోళ్లు మంచిగనే తిరుగుతున్నరు అని. చెడ్డగా అన్న మాట కాదది. చావు వార్త విన్నప్పుడు మనుషులకు ఏదో ఒకటి అనాలనిపిస్తుంది, అంతే. కానీ నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. కిటికీ తెరిచాను, మూశాను. పాశమైలారం చేరేదాకా ఒక జవాబు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

మా కంపెనీలో మాత్రలు తయారవుతాయి. నేను ప్యాకింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజర్ని. బస్సులో వెనక కూర్చుంటే నాకు వాంతి వస్తుంది కాబట్టి మొదటిరోజు నుంచీ డ్రైవర్‌కు ఎడమ పక్క, ఇంజన్ వేడి తగిలే ఒంటి సీటు నాది. అందుకని నాకు బాగా తెలిసింది ఆయన ఎడమ పక్కే. ఎడమ చెవి, గేరు మీది ఎడమ చెయ్యి, ఖాకీ చొక్కా ఎడమ జేబు. ఆ జేబులో ఒక దువ్వెన, ఒక సిగరెట్ పెట్టె, ఒక అగ్గిపెట్టె ఉండేవి.

బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. బండి తీసేముందు ముందు టైరు పక్కన నిలబడి ఒక సిగరెట్ పూర్తిగా తాగేవాడు. సగంలో పారేయగా నేను చూడలేదు. చివర్న టైరును బూటు మొనతో ఒకసారి తట్టి, పీకను తొక్కి, ఎక్కేవాడు. దారిలో మాట ఉండదు. మేం ఏదన్నా అడిగితే 'ఊ' అనేవాడు. పెద్ద మాట అంటే 'పోనీ తియ్'. ఆటోవాడు అడ్డమొచ్చినా పోనీ తియ్. లారీవాడు అద్దం గీకిపోయినా పోనీ తియ్. ఒకసారి రుద్రారం దగ్గర గొర్రెల మంద రోడ్డెక్కితే ఇంజన్ ఆపి, గడ్డం స్టీరింగ్ మీద పెట్టుకుని, చివరి గొర్రె దిగేదాకా పెళ్లి ఊరేగింపు చూసినట్టు చూశాడు. మాకు గేటు దగ్గర ఆలస్యం రాశారు. వేరే రూట్ల ఆడవాళ్లు తమ డ్రైవర్ల కోపాలు చెప్పుకుంటుంటే మేం కొంచెం గర్వంగా వినేవాళ్లం.

మూడేళ్ల కిందట ఎండాకాలం చివర్లో కంపెనీవాళ్లు అందరికీ ఏటా చేయించే వైద్య పరీక్షలు క్యాంటీన్ హాల్లో పెట్టారు. వరసలో ఆయన నా ముందు నిలబడ్డాడు. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదాలి, పక్కన సూది ఎంతదాకా కదులుతుందో చూస్తారు. ఆయన ఊదాడు. పరీక్ష చేసే పిల్ల ఇంకా గట్టిగా అంది. మళ్లీ ఊదాడు. ఇంకోసారి సార్, మొత్తం ఊదండి అంది. మూడోసారికి మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, సూది మాత్రం పెద్దగా లేవలేదు. ఆ పిల్ల కాగితం మీద ఏదో రాసుకుని నన్ను పిలిచింది. నేను మామూలుగా ఊదాను. సూది సర్రున పోయింది. తల తిప్పితే ఆయన నా వెనకే నిలబడి ఆ సూదినే చూస్తున్నాడు. ఆ సాయంత్రం టైరు పక్కన నిలబడి తాగాడు. మర్నాడు పొద్దున నిలబడ్డాడు గానీ తాగలేదు. టైరును ఒక్కసారి కాదు, ఏడెనిమిదిసార్లు తట్టాడు.

ఆయన చెప్పకుండానే నాకు అర్థమైపోయింది. కారణం ఉంది. మా ఆయనకు సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర మోటార్ సామాన్ల దుకాణం ఉంది. పెట్టె సిగరెట్లు రోజుకు సరిపోవు. పొద్దున నేను లేచేది అలారంతో కాదు, బాత్రూంలోంచి వచ్చే ఆయన దగ్గుతో. మానమని నేను ఏడ్చాను, అలిగాను, మాట్లాడ్డం మానేశాను. పనిచేయలేదు. కాబట్టి డ్రైవరన్న మానేస్తున్నాడని తెలియగానే నేను పరీక్షలో పక్కవాళ్ల కాగితంలోకి తొంగిచూసినట్టు చూడ్డం మొదలుపెట్టాను. ఎలా మానుతాడు, ఎక్కడ చిక్కుతాడు, ఏం తింటాడు అని.

మొదటి మూడు రోజులు ఎడమ చెయ్యి గేరు మీంచి లేచి జేబు దాకా వెళ్లేది. జేబులో దువ్వెన తగిలేది. ఏం చేయాలో తెలియక దాంతో తల దువ్వుకునేవాడు. పోతిరెడ్డిపల్లి నుంచి పాశమైలారం లోపు పదిసార్లు దువ్వుకోవడం చూసి వెనక ఆడపిల్లలు నవ్వారు. తర్వాత సోంపు తెచ్చాడు. లవంగం తెచ్చాడు. నోరు పూసిందని అవి మానేసి వేయించిన చింతగింజలు తెచ్చాడు. అవి పటపటా కొరుకుతుంటే ఇంజన్ శబ్దంలో కూడా వినపడేది. బాగా నడిచిపోతున్న బండి ఆపి దిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్ని గుడ్డతో తుడిచి వచ్చేవాడు.

అన్నిటికంటే వింత, మాట్లాడ్డం. పదకొండేళ్లు 'ఊ'తో గడిపిన మనిషి ఆగకుండా మాట్లాడసాగాడు. బొంబాయి రోడ్డు మీద లారీ నడిపిన రోజులు, ఏ దాబాలో పప్పు బాగుంటుంది, ఎక్కడ టైరు పేలింది, ఏ ఘాట్‌లో బ్రేకు పట్టలేదు. నేను వింటున్నానో లేదో కూడా చూసుకునేవాడు కాదు. ఒకరోజు తనే ఆగి, చిన్నబోయినట్టు అన్నాడు.

"మాట్లాడుతుంటే నోరు ఖాళీగ ఉండదు చెల్లె. ఏమనుకోకు."

ఎలా ఓర్చుకుంటున్నారన్నా అని అప్పుడడిగాను. మా ఆయన కోసమని చెప్పలేదు. ఆయన రోడ్డు చూపించాడు. బండెక్కంగనే తాగాలనిపిస్తుందట. కంది దాటనీ అనుకుంటాడట. కంది దాటుతుంది. రుద్రారం దాటినంక చూద్దాం అనుకుంటాడు. రుద్రారం దాటాక ఇస్నాపూర్ చౌరస్తా. అక్కణ్ణుంచి పాశమైలారం మలుపు తిరిగితే ఇక కంపెనీ గేటే, అక్కడ అగ్గిపెట్టె తీసుకెళ్లడానికే లేదు. సాయంత్రం మళ్లీ అటునుంచి ఇటు. మానేసిన అని అనుకోనేలేదు చెల్లె, గంత పెద్ద మాట అనుకుంటే భయమైతది, అన్నాడు.

ఇంటికి వెళ్లి మా ఆయనకు ఇదంతా చెప్పాను. నాకు దుకాణమే గానీ రుద్రారం లేదు గదా అని నవ్వి, గల్లీలోకి వెళ్లి వెలిగించుకున్నాడు.

ఐదారు రోజులకే డ్రైవరన్న మాటలు తగ్గి, ఇంకేదో మొదలైంది. నిద్ర ఉండడం లేదని కళ్లే చెప్పేవి. ఒక పొద్దున బండి తీస్తూ, కలలో సిగరెట్ తాగాడని చెప్పాడు. లేచి చేతులు వాసన చూసుకున్నాడట. వాసన లేదని తెలిశాక కూడా గుండె దడ తగ్గలేదట. ఆ రోజు నుంచి హారన్ మీద చెయ్యి పెడితే తీసేవాడు కాదు. ఆటోవాళ్లను తిట్టసాగాడు. ఒక ముసలాయన సైకిల్ మీద నిదానంగా పోతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి అన్న మాట ఇక్కడ రాయలేను. బస్సులో అందరం తలలు దించుకున్నాం. స్టాపుల దగ్గర సరిగ్గా ఆపేవాడు కాదు. మేం ఒక కాలు ఎక్కించేలోపే బండి గుంజేవాడు. ఏం పుట్టింది ఈయనకు అని అందరూ గుసగుసలాడారు. మానేసిన సంగతి తెలిసినవాళ్లు, ఒక్కటి తాగిపిస్తే మనిషైతడు అన్నారు. నాకూ లోపల అలాగే అనిపించిందని ఒప్పుకుంటాను.

అది జరిగింది కంది స్టాపులో. మా దగ్గర ఊడ్చి కడిగే పని చేసే యాదమ్మ అక్కడ ఎక్కుతుంది. యాభై దాటిన మనిషి, చేతిలో టిఫిన్ గిన్నె, భుజాన సంచి. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి కడ్డీ పట్టుకోబోయింది. ఆయన అద్దంలో చూశాడు. నేను చూశాను ఆయన చూడడం. చూసి కూడా బండి తీశాడు. గిన్నె చప్పుడు ముందు వినపడింది, తర్వాత ఆమె అరుపు.

బండి ఆగేలోపే ఆయన దూకాడు. యాదమ్మ రోడ్డు పక్క కంకర మీద కుడిచెయ్యి కింద పెట్టుకుని పడి ఉంది. మణికట్టు తిరగకూడని వైపు తిరిగి ఉంది. ఆయన ఆమెను ఎత్తి బస్సులో పడుకోబెట్టి, కంపెనీకి పోకుండా బండిని వెనక్కి తిప్పాడు. మమ్మల్నందరినీ వేసుకుని సంగారెడ్డిలో ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. దారంతా యాదమ్మ ఆయన్ని తిడుతూనే ఉంది. "నీ సిగరెట్ నువ్ తాగయ్యా, మా చేతులు ఇరగ్గొట్టకు" అంది. ఆ రోజు చింతగింజల శబ్దం కూడా లేదు.

మర్నాడు విచారణ. ముందు సీట్లో ఉన్నదాన్ని కాబట్టి నన్ను పిలిచారు. నేను లోపలికి పోయేముందు గేటు బయట ఆయన నిలబడి ఉన్నాడు. బండి ఇవ్వలేదు కాబట్టి ఎలా వచ్చాడో తెలియదు. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు చెల్లె. ఆమె కాలు మెట్టు మీద ఉండంగనే బండి తీసిన. సిగరెట్ మానేసిన ముచ్చట మాత్రం ఎత్తకు."

"అది చెప్తే జెర దయ తలుస్తరు గదన్నా."

"గందుకే చెప్పొద్దంటున్న."

సరేనన్నాను. అడ్మిన్ ఆఫీసర్ గదిలో కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన రాసుకున్నాడు. తాగి ఉన్నాడా అని అడిగాడు, లేదన్నాను. మరి పదకొండేళ్లు ఒక్క ఫిర్యాదు లేని మనిషి ఎందుకిలా చేశాడు అని అడిగాడు. నేను మాట్లాడలేదు. ఆఫీసర్ కలం మూసి, అయితే తీసేయడమే, ఆడవాళ్ల బస్సు కదా అన్నాడు. ఆ మాటతో నేనిచ్చిన మాట నాకు గుర్తుండలేదు. సిగరెట్ మానేసి తొమ్మిది రోజులైంది సార్, అందుకని, అన్నాను. ఆఫీసర్ కాసేపు నన్ను చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. వాళ్ల నాన్న మానేసినప్పుడు ఇంట్లో కంచాలు విసిరేవాడని చెప్పాడు. ఉద్యోగం నిలబడింది. నెల రోజులు స్టీరింగ్ పట్టకుండా, బండ్లు నిలిపే జాగాలో కడిగే పని అని రాశారు.

ఆ నెలే ఆయనకు అసలు నరకం అనుకుంటాను. నడిపేవాడికి చేతికీ కాలికీ కంటికీ పని ఉంటుంది. కడిగేవాడికి పైపు పట్టుకుని నిలబడ్డమే. పైగా ఆ జాగా గేటు బయట ఉంది. ఎదురుగా చాయ్ బండి. అన్ని రూట్ల డ్రైవర్లూ అక్కడే నిలబడి గుప్పుగుప్పున వదులుతారు. మధ్యాహ్నం మా క్యాంటీన్ కిటికీలోంచి చూస్తే ఆయన ఎర్రటి ఎండలో బస్సు చుట్టూ తిరుగుతూ కనిపించేవాడు. కడగడానికి కాదు, ఊరికే. ఇటునుంచి ఒక చుట్టు, అటునుంచి ఒక చుట్టు. నేను అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చినా తిరుగుతూనే ఉండేవాడు. నాతో మాట్లాడలేదు. నేను ఆఫీసర్‌కు చెప్పానని ఆయనకు తెలిసిపోయింది.

వారం తర్వాత ఉండబట్టలేక మజ్జిగ సీసా పట్టుకుని వెళ్లాను. తీసుకోలేదు. నడక ఆపలేదు. నేనూ పక్కనే నడిచాను. రెండో చుట్టులో అన్నాడు.

"చెప్పినవ్ గదా."

"చెప్పిన."

ఇంకో చుట్టు తిరిగాం. ఎండ మాడు పగలగొడుతోంది. ఆయన చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. బస్సు నీడ పడ్డ వైపుకు వచ్చాక ఆగి, నా వైపు కాకుండా చక్రం వైపు చూస్తూ మాట్లాడాడు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"నౌకరి పోతదని కాదు చెల్లె నా బాధ. ఇన్నేండ్ల సంది నేను శాంతమైన మనిషినని నలుగురు అంటుండిరి. నేను గూడ గట్లనే అనుకున్న. తొమ్మిది దినాలు సిగరెట్ లేకపోయేసరికి ఆడమనిషి చెయ్యి ఇరగ్గొట్టిన. మరి గా శాంతం ఎవలది? నాదా, సిగరెట్‌దా?"

అలా ఏం కాదన్నా, కొన్నాళ్లకు తగ్గుతుంది అన్నాను. ఎవరైనా అనే మాటే.

"తగ్గుతదో లేదో చూడాలె. ఇప్పుడు ఒక్కటి ముట్టిచ్చిననుకో, మళ్ల మంచోన్నయిత. గని నాకు ఎన్నటికీ తెల్వకుండ పోతది."

అప్పుడు మజ్జిగ తీసుకుని గటగటా తాగి, సీసా నా చేతికిచ్చి మళ్లీ తిరగడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆయన ఊపిరితిత్తుల కోసం మానుతున్నాడనుకున్నాను నేను. గొట్టంలోకి ఊది ఓడిపోయిన సిగ్గుతో మొదలుపెట్టి ఉంటాడు, నిజమే. కానీ ఆ ఎండలో తిరుగుతున్నది దానికోసం కాదు.

నెల పూర్తయి ఆయన మళ్లీ బండెక్కిన రోజు యాదమ్మ ఇంకా కట్టుతోనే ఉంది. కందిలో బస్సు ఆగింది. ఆయన ఇంజన్ ఆపేసి, తన సీటు దిగి, చుట్టూ తిరిగి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె ఎక్కి కూర్చునేదాకా అలాగే ఉన్నాడు. ఆమె ఆయన ముఖం కూడా చూడలేదు. మర్నాడూ అంతే. మూడోరోజూ అంతే. రోజూ నిమిషం పోతోందని వెనకవాళ్లు సణిగారు. కట్టు తీసేశాక కూడా దిగుతూనే ఉన్నాడు. చివరికి యాదమ్మే విసుక్కుంది. "రోజు దిగుడేందయ్యా, నేనేమన్న పెండ్లిపిల్లనా. కూసోని బండి నడుపు" అంది. అది క్షమించడమో, నిజంగా విసుగో నేను చెప్పలేను. ఆయన మాత్రం ఆ రోజు కంది నుంచి ఇస్నాపూర్ దాకా పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకోవడం నేను ఎడమ పక్క నుంచి చూశాను.

కోపం ఒక్కసారిగా పోలేదు. స్టీరింగ్ మీద వేళ్లతో దరువు వేసేవాడు. ఎవరన్నా అడ్డమొస్తే దవడ కదిలేది, మాట గొంతు దాకా వచ్చి ఆగడం కనపడేది. దసరా అయిపోయాక ఒక సాయంత్రం ఇస్నాపూర్ చౌరస్తాలో బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. కంటైనర్లు, కంపెనీ బస్సులు, ఆటోలు, ఎటుచూసినా కదలిక లేదు. ఒక మోటార్ సైకిల్ అతను ఎదురుగా తప్పుదారిలో దూరి వచ్చి మా బస్సు అద్దానికి భుజం కొట్టుకున్నాడు. తప్పు తనదే అయినా ఆగి, ఆయన్ని అమ్మ మీదా ఆలి మీదా తిట్టాడు. నేను ఆయన చేతివైపు చూశాను. అది హారన్ దగ్గరికి పోలేదు. జేబు దగ్గరికి పోలేదు. కిటికీలోంచి సాగి, వంగిపోయిన అద్దాన్ని మెల్లగా సరిచేసుకుంది.

"పోనీ తియ్ తమ్మీ. జెర చూస్కోని పో" అన్నాడు.

అతను వెళ్లిపోయాడు. బండ్లు కదలడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ఆయన గడ్డం స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తల కొంచెం నా వైపు తిప్పి, పిల్లలు మార్కుల కాగితం చూపించినట్టు, గొంతు తగ్గించి అన్నాడు.

"చూసినవా చెల్లె? ఇది నాదే."

అప్పుడు నాకు మజ్జిగ పట్టుకెళ్లిన మధ్యాహ్నం గుర్తొచ్చి, తల ఊపాను.

తర్వాత ఆయన్ని మా ఇంటికి పిలిచాను. మా ఆయనకు నాలుగు మాటలు చెప్పమన్నాను. చెప్తే మానరు చెల్లె అన్నాడు గానీ, ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. ఇద్దరూ బండ్ల గురించి, పాత బస్టాండు గురించి, బ్రేకు లైనర్ల గురించి మాట్లాడుకున్నారు. సిగరెట్ మాటే రాలేదు. నాకు వంటింట్లో కాలు నిలవలేదు. ఇంతలో మా ఆయన అలవాటు ప్రకారం లేచి గల్లీలోకి వెళ్లాడు. ఆయన కూడా లేచి వెంటే వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. మా ఆయన ముట్టించుకున్నాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పొగ వచ్చే వైపే నిలబడి, సిగరెట్ అయిపోయేదాకా ఆ చేతినే చూస్తూ ఉన్నాడు. ఏదో ఒక్క మాట అన్నాడు. ఇద్దరూ లోపలికి వచ్చారు. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఏమన్నాడని మా ఆయన్ని అడిగాను. 'మస్తుంటది గదా' అన్నాడట. అంతే. "తిడ్తడేమో అనుకున్న. ఆయన చేతులు వెనక వణుకుతున్నయ్. నాకంటే ఆయనకే ఎక్కువ కావాలని ఉన్నది" అన్నాడు మా ఆయన. ఆ రోజు మూడు తక్కువ తాగాడు. మానేశాడని రాస్తే బాగుండేది. రెండుసార్లు మానాడు, రెండుసార్లూ మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు మూడోసారి నడుస్తోంది. ఇంట్లో గ్లాసులు పగలకుండా నేను స్టీలువి పెట్టాను.

పోయిన ఎండాకాలంలో ఒకసారి నేను డ్రైవరన్నను అడిగాను, మూడేళ్లు కావస్తోంది కదా, ఇంకా తాగబుద్ధవుతుందా అని. రోజూ, అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు, ఎండ గురించి అన్నట్టు.

డ్రైవరన్న పోయిన పదో రోజు మా ఆయనా నేనూ వాళ్లింటికి వెళ్లాం. పోతిరెడ్డిపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. మగవాళ్లు బయట టెంటు కింద కూర్చున్నారు. నేను లోపలికి వెళ్లి ఆయన భార్య, వదిన పక్కన కూర్చున్నాను. ఆమెను నేను అంతకుముందు రెండుసార్లే చూశాను. చిన్న మనిషి, గట్టి గొంతు. ఏడ్చి ఏడ్చి ఆ గొంతు బొంగురుపోయింది. ఆయన మానేసిన రోజుల గురించి తనే ఎత్తింది. బహుశా అందరూ అదే అంటున్నారు కాబట్టేమో.

ఇరవై ఏళ్లు మానమని మొత్తుకున్నదట ఆమె. తీరా మానేశాక పన్నెండో రోజున, యాదమ్మ చెయ్యి విరిగిన తర్వాత, తనే కిరాణా కొట్టుకు వెళ్లి పెట్టె కొనుక్కొచ్చి ఆయన అన్నం కంచం పక్కన పెట్టిందట. తాగయ్యా, ఇల్లు బతకనీ అని దండం పెట్టిందట. ఆయన ఆ పెట్టె వైపు చూస్తూనే అన్నం మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని బయటికి వెళ్లి ఎటో నడిచి వచ్చాడట. పెట్టె మర్నాడు పొద్దుటికీ అక్కడే ఉందట. ఆమే కొట్టులో తిరిగి ఇచ్చేసింది.

"ఎందుకంత పట్టుదలనో నాకు సమజ్ కాలే. అడిగితే చెప్పకపోతుండె" అంది.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. ఒకసారి ఆయనకిచ్చిన మాట తప్పినదాన్ని. అయినా చెప్పాను. ఎండలో బస్సు చుట్టూ తిరిగిన మధ్యాహ్నం, ఆయన చక్రం వైపు చూస్తూ అడిగిన ప్రశ్న, ఇస్నాపూర్ చౌరస్తాలో అన్న మాట, అన్నీ చెప్పాను. తన శాంతం తనదో సిగరెట్‌దో తెలుసుకోవాలని అన్ని రోజులు అల్లాడాడని చెప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని విన్నది. విన్నాక ఏడుస్తుందనుకున్నాను. ఆమె ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత కొంచెం కోపం వచ్చాయి. బతికున్న మనిషి మీద వచ్చే కోపం.

"గదా ఆయన పరేషాను? మా పెండ్లప్పుడు ఆయనకు సిగరెట్ అలవాటే లేకుండె. లారీ ఎక్కినంక నేర్చుకున్నడు. గప్పుడు గూడ గిట్లనే ఉండె, గొడ్డు కూడా బెదరని మనిషి. నన్నడిగితే నేను చెప్పకపోదునా చెల్లె?"